డబ్బా మోసిన అల్లుడు, పలక పట్టిన అత్త

ముందే ఒప్పుకుంటే మంచిది. మా అమ్మాయి నోటికాడి పాలు ఎండగట్టింది ఎవరో కాదు, నేనే. అదీ రెండు పాదాల కవిత్వంతో.

గుంటూరులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఊరందరి తప్పులూ దిద్దేవాణ్ణి కనుక నాకు తప్పులుండవని ఒక నమ్మకం. పాలపొడి డబ్బాల ఏజెంటు రత్నయ్యగారు ఓ రోజు వచ్చి, "డబ్బాకి చుట్టే కాగితం మీద రెండు ముక్కలు తగిలించవయ్యా, చూడగానే కొనాలి" అన్నారు. నేను కుర్చీలోంచి లేవకుండానే తగిలించాను:

"అమ్మ పాలు అరకొరా?
అయితే డబ్బా తెరువరా!"

ఆయన మురిసిపోయి, డబ్బు బదులు రెండు డబ్బాలిచ్చారు. కొమ్ము పోయి దీర్ఘం వచ్చింది, అంతేగా అనుకుని పుచ్చుకున్నాను.

అప్పటికి గిద్దలూరులో పుట్టింట ఉన్న మా ఆవిడ రాజ్యానికి ఆడపిల్ల పుట్టి మూడు వారాలు. "పాలు చాలటం లేదేమోనని మా అమ్మకు దిగులు" అని ఉత్తరం వచ్చింది. అందులో "ఏమో" అన్న ముక్క నా కంటికి ఆనలేదు. పది రూపాయల జీతం ఎక్కువిచ్చినా మళ్ళీ అంత పెద్ద తప్పు వదలలేను. అటు వెళ్ళే ఒక రైల్వే గుమాస్తా చేత డబ్బాలు రెండూ, రబ్బరు పీక ఉన్న సీసా ఒకటీ పంపించాను.

నెల తిరిగేసరికి రెండో ఉత్తరం. "పిల్ల సీసా తప్ప నోట పెట్టడం లేదు. నాకు పాలు బాగా తగ్గిపోయాయి. మొన్న రెండు రోజులు పిల్లకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఉన్న డబ్బా ఇంకో రెండు వారాలు వస్తుంది. తరవాత ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు." కింద చుక్క పడి సిరా చెదిరింది. ఆ చుక్క ఏమిటో తెలుసుకోవడానికి ప్రూఫురీడరు అక్కర్లేదు.

నాకేం పాలుపోలేదు. తెలిసిందల్లా డబ్బాలే కనుక, ఈసారి కొని మరీ రెండు డబ్బాలు సంచిలో వేసుకుని, పది రోజులు సెలవు పెట్టి, గుంతకల్లు బండెక్కాను.

బండిలో పరీక్ష

వినుకొండ దాటాక నేల రంగు మారుతుంది, మాట యాస మారుతుంది. మన రాష్ట్రానికి పేరు పెట్టి ఇంకా రెండేళ్ళయినా నిండలేదు, అదీ పసిబిడ్డే. కానీ ఆ బండిలో కూర్చుంటే ఒకే తల్లి పిల్లలు ఎన్ని రకాలుగా మాట్లాడతారో తెలుస్తుంది. మేము "వచ్చాడు" అంటే వాళ్ళు "వచ్చినాడు" అంటారు. ఎట్లా వచ్చినా బండి మాత్రం ఆలస్యంగానే వచ్చింది.

నా ఎదురుగా ఓ యాభై ఏళ్ళ ఆవిడ కూర్చుంది. తెల్లచీర, గొడుగు, ఒళ్ళో ఖాకీ సంచి. పేరు సౌభాగ్యమ్మ. మార్కాపురంలో హెల్త్ విజిటరు ఉద్యోగం, పుట్టిల్లు కంభం. అందరూ "నర్సమ్మా" అంటున్నారు. దొనకొండలో కాఫీ తాగుదామని నేను సంచి కదిలిస్తే డబ్బా దొర్లి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది. తీసి, చుట్టూ ఉన్న కాగితం పైకి చదివింది.

"అమ్మ పాలు అరకొరా, అయితే డబ్బా తెరువరా. ఆహా! ఈ ముక్క రాసినోడు ఎవరో గానీ, వాని నోట్లో సీసా పెట్ట."

నేను కిటికీలోంచి దొనకొండ అందాలు చూశాను. దొనకొండలో అంతసేపు చూడదగ్గ అందాలు లేవు. తిరిగి చూసేసరికి ఆవిడ నన్నే చూస్తోంది.

"నువ్వేనా?" అంది.

ఒప్పుకున్నాను. ఉత్తరం సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఎగతాళి ఆపి అడిగింది. "గుండ్లకమ్మ ఇసకలో చెలమలు చూసినావా నాయనా? తోడే కొద్దీ ఊరతాయి. తోడకుంటే పూడిపోతాయి. పిల్ల సీసా పట్టింది, తోడడం మానింది. చెలమ ఏం చేస్తాది?"

"అయితే పాలు ఇక రావా?"

"వస్తాయి. ఓపిగ్గా తోడించాల. పక్కనుండి చెప్పే మనిషి గావాల."

"మీరు రండి."

"గిద్దలూరు నా రేంజి కాదు. ఆడికి ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. నువ్వే చెప్పాల."

"నేనా? మగవాణ్ణి!"

"డబ్బాలు పంపించేటప్పుడు మగోణ్ణని మతికి రాలేదా?"

పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఒక తాతగారు కూడా నవ్వాడు. నర్సమ్మ తీర్పు చెప్పింది. "డబ్బా రెండు వారాలు వస్తాదంటివి. రెండు రోజులు నా వెంట తిరుగు. సంచి మోయి. చెవులు తెరువు, నోరు తెరవమాక. తరవాత పోయి నీ పెండ్లానికి చెప్పు. గిద్దలూరు అల్లుడివంటే నాకూ అల్లుడివే, అల్లుడూ!"

అప్పటినుంచీ ఆవిడ నాకు అత్త. ఒక్క అత్తకే జడిసే నాకు ఇద్దరయ్యారు.

మార్కాపురం: తలుపు వెనక చదువు

స్టేషను నుంచి ఊళ్ళోకి జట్కా. హోటల్లో కాఫీ రెండణాలన్నాడు, కొత్త పైసల్లో పన్నెండా పదమూడా అని అతనూ నేనూ తేల్చుకునేసరికి కాఫీ చల్లారింది. నర్సమ్మ పన్నెండిచ్చి లేచింది.

ఊరంతా పలకలు. మా వైపు పెంకులు పేర్చినట్టు ఇక్కడ బడిపలకలు పేర్చిపెడతారు. గడపకి పలకరాయి, అరుగుకి పలకరాయి, కోళ్ళగూటి మీద మూత కూడా పలకరాయే. నేను అఆలు దిద్దిన పలక కూడా ఈ ఊళ్ళోంచే వచ్చి ఉంటుంది. అది చేసిన తప్పేమీ లేదు. నర్సమ్మ ఒక దుకాణం ముందాగి అంచులు విరిగిన పలకలు నాలుగు ఊరికే ఇప్పించుకుని నా సంచిలో వేసింది. ఎందుకని అడగబోయి, నోరు తెరవకూడదని గుర్తొచ్చి మూసుకున్నాను.

మొదటి ఇల్లు బట్టలకొట్టు శెట్టిగారిది. కోడలు బాలింత. మగవాణ్ణి లోపలికి రానివ్వరు కదా, నన్ను కొట్లో చాప మీద కూర్చోబెట్టారు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక పాత తలుపు. నా చదువంతా ఆ తలుపు వెనకే సాగింది. శెట్టిగారు నాకు ధోవతుల అంచులు చూపిస్తూ ఉంటే, నా చెవి మాత్రం లోపలుంది.

నర్సమ్మ ఉపన్యాసమిస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. పాల మాటే ఎత్తలేదు. నిద్ర పడుతోందా అంది. నడుము నొప్పుందా అంది. చివరికి, "నీళ్ళు ఎన్ని తాగుతుండావమ్మా?" అంది.

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "బాలింతకు నీళ్ళు పోస్తే ఒళ్ళు నీరు పట్టదా నర్సమ్మా? పూటకొక గ్లాసు ఇస్తుండా."

ఇక చూసుకో, నర్సమ్మ విరుచుకుపడుతుందని ధోవతి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మెల్లగా, "అవునమ్మా, మీ అత్త మీకు అట్లనే చేసి ఉంటాది. అప్పుడు మీకు దప్పికయ్యేదా?" అంది.

అత్తగారి గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "అయ్యేది. మధ్యాన్నం అందరూ పండుకున్నాక దొడ్లో కుడితి తొట్టి కాడ బానలో నీళ్ళు దొంగతనంగా తాగేదాన్ని."

"ఎవరికన్నా చెప్పినారా?"

"ముప్పై ఏండ్లయింది. ఇప్పుడే చెప్తుండా."

ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే అత్తగారు కేకేసింది, "ఒసే, కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద చెంబుతో తేవే!"

శెట్టిగారు కొలిచే గజం కింద పెట్టి, "మా ఆవిడ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలవదే" అన్నాడు. ఆయన ధోవతి అమ్మడం మరిచిపోయాడు, నేను కొనడం మరిచిపోయాను. ఇద్దరికీ లాభమే.

వచ్చేముందు నర్సమ్మ ఒక పలక, బలపం అత్తగారి చేతికిచ్చింది. "పిల్లోని తడిగుడ్డ మార్చినప్పుడల్లా ఒక గీత. తల్లిపాలు తప్ప ఇంకేం తాపకుండా, పొద్దున్నుంచి మళ్ళా పొద్దుటికి ఆరు గీతలు దాటితే పాలు చాలినట్టే. ఏడ్చినాడని కాదు, గీతలు చూసి మాట్లాడండి."

వీధిలోకొచ్చాక అడిగాను. "చదువుకున్న కోడలుండగా, అక్షరం రాని అత్తగారికిచ్చారేం?"

"పాలు చాలవనేది ఎవరు?"

"అత్తగారు."

"అందుకే. లెక్క రాసేవాళ్ళకి ఆ లెక్క గెలవాలని ఉంటాది అల్లుడూ. ఇప్పుడు చూడు, ఆరు గీతల కోసం ఆమే కోడలికి నీళ్ళు పోస్తాది."

పదేళ్ళుగా ఇతరుల రాతలు దిద్దుతున్నాను. పలక ఎవరి చేతికివ్వాలో నాకెవరూ నేర్పలేదు.

కొనకనమిట్ల వైపు: నా కవిత్వానికి తొలి పాఠకురాలు

మర్నాడు బస్సు. నాతోపాటు రెండు మేకలు, ఒక కోళ్ళగంప ఎక్కాయి. టిక్కెట్లు లేనివాళ్ళే సుఖంగా కూర్చున్నారు. దిగి రెండు మైళ్ళు నడిస్తే గొర్రెల కాపరుల ఇళ్ళు. గంగమ్మ అనే అవ్వ ఇంట్లో మనవరాలు ఆ పొద్దునే ప్రసవించింది. అవ్వ పంచలో కూర్చుని బిడ్డకు దూదితో చక్కెర నీళ్ళు పడుతోంది. తల్లి మొదటిపాలు మూడు రోజులు పిండి పారబోయాలట. పచ్చగా చిక్కగా ఉంటాయి, బిడ్డకు అరగవట.

మా ఇంట్లోనూ అదే జరిగి ఉంటుంది.

నర్సమ్మ దొడ్లో తడి ఆరని గొర్రెపిల్లను చూసి, "ఎప్పుడు ఈనింది అవ్వా?" అంది.

"కోడికూతకు."

"ఈ అబ్బిది గుంటూరు. గొర్రె ఏ పక్క మేస్తాదో కూడా తెలవదు. గొర్రె ఈనినాక ఏం చెయ్యాలో కొంచెం చెప్పు, నేర్చుకోని."

అవ్వ నన్ను జాలిగా చూసింది. నా మొహం ఆవిడకు సాయపడింది. "చూడు నాయనా, పిల్ల పడినంక తల్లి నాకుతాది. నాకినంక పిల్ల లేస్తాది. లెయ్యకుంటే మనం లేపి పొదుగు కాడ పెట్టాల. ముర్రుపాలు తాపాల. ఒక జాము పోయిందంటే పిల్ల దక్కదు. ఆ పాలల్లోనే ఉంటాది సత్తువంతా. పచ్చగా, చిక్కగా..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో దూది చూసుకుంది. లోపలికి చూసింది.

నేను నోరు తెరవబోయాను. నర్సమ్మ గొడుగు మొనతో నా కాలు నొక్కింది.

"ఓసి నా మతి మండ!" అని అవ్వ లేచింది. "గొర్రెకున్న గ్యానం నాకు లేకపాయె!" చక్కెర నీళ్ళు దొడ్లో పారబోసి, బిడ్డనెత్తుకుని లోపలికి పోయింది. నర్సమ్మ వెనకే పోయింది. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు ఆగింది. ఆగిన ఏడుపంత ఇంపైన సంగీతం నేనింతవరకు వినలేదు.

నేను వింటూ ఉండగా నా వెనక నములుతున్న చప్పుడు. చూద్దును గదా, ఒక మేక నా సంచిలో తల దూర్చి డబ్బాకున్న కాగితం లాగి తింటోంది. "అరకొరా" అప్పటికే లోపలికి పోయింది. "తెరువరా" గడ్డం కింద వేలాడుతోంది. నా కవిత్వాన్ని అంత తృప్తిగా ఆస్వాదించినవాళ్ళు మరొకరు లేరు. రెండో డబ్బా కాగితం కూడా ఇచ్చేశాను.

అవ్వ మధ్యాహ్నం జొన్న సంగటి, శనక్కాయల చట్నీ పెట్టింది. మా వైపు అన్నం మెతుకులు లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ముద్ద ఒకటే, లెక్క సులువు. నేను నమలబోతే, "మింగాల నాయనా, నమిలితే పొద్దుగూకుతాది" అంది. మింగాను. రెండో ముద్ద దగ్గర కళ్ళనీళ్ళు తిరిగాయి. కారం అని చెప్పాను.

కంభం: ఒకటి రెండైన సంగతి

మార్కాపురం రోడ్డు స్టేషన్లో నర్సమ్మ నన్ను బండెక్కించి ఒక పలక చేతికిచ్చింది. "నీ ఇంట్లో లెక్క కొంచెం వేరే. సీసా తీసెయ్యి. డబ్బా పాలు ఉగ్గుగిన్నెతో పొయ్యాల. పొయ్యకముందు ప్రతిసారీ తల్లి రొమ్ముకు పట్టించాల. తడిగుడ్డకు గీత, ఉగ్గుగిన్నెకు సున్న. సున్నాలు కొంచెం కొంచెం తగ్గాల, గీతలు తగ్గకూడదు. గీతలు తగ్గినా, పిల్ల వడలినా ఆగమాక, డాక్టరు కాడికి ఎత్తుకపో." బండి కదులుతుంటే కిటికీ పట్టుకుని నడిచింది. "మొదట నీ పెండ్లాన్ని అడుగు. చెప్పమాక, అడుగు!"

కంభంలో సీతాఫలాలు కొందామని లేచి, కొని, పలక మీదే కూర్చున్నాను. చప్పుడైంది. సరిగ్గా రెండు ముక్కలు. పక్కనున్న త్రిపురాంతకం పెద్దాయన, "ఏం పోయింది నాయనా, ఎముకా?" అన్నాడు. ఎముకైతే అతుక్కునేది. ఆయనే పంచెపోగుతో రెండు ముక్కలూ కట్టి ఇచ్చాడు. దూరంగా కొండల మధ్య చెరువు మెరుస్తోంది. అంత నీరు చూస్తే నాకు రాజ్యం గుర్తొచ్చింది. పూటకెన్ని గ్లాసులిస్తున్నారో.

గిద్దలూరు

మా మామగారిది కిరాణా దుకాణం. ఆ ఇంట్లో అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడే ఆచారం లేదు. తలుపు చాటునుంచి గోడకి చెబుతుంది. గోడకి తగిలి నాకు తగులుతుంది.

"గుంటూరు నుంచి డబ్బాలు వచ్చినాయా?" అని గోడనడిగింది.

మా పాత డబ్బా గూట్లో పసుపూ కుంకుమా పెట్టించుకుని కూర్చుంది. వీధివాళ్ళు వచ్చి చూసి పోతున్నారట. నేను తిన్నగా వెళ్ళి, నర్సమ్మ చెప్పిందంతా మర్చిపోయి, ఉపన్యాసం మొదలుపెట్టాను. చెలమన్నాను, గుండ్లకమ్మన్నాను, గొర్రెపిల్లన్నాను. రాజ్యం తల వంచుకుంది. "అంటే తప్పంతా నాదేనా?" అంది. కళ్ళల్లో నీళ్ళు. ఇదీ నేను తలుపు వెనక నేర్చిన చదువు.

"గొర్రెలతో పోలుస్తుండాడు మా అల్లుడు. చదువుకున్నోడు" అంది గోడ.

నా కాలి మీద గొడుగు మొన గుర్తొచ్చింది. కింద కూర్చున్నాను. ఏమీ తోచక, "నీళ్ళు తాగావా?" అన్నాను.

రాజ్యం నన్ను వింతగా చూసింది. "రెండు నెలల్నించి అందరూ పిల్ల తాగిందా, పిల్ల తాగిందా అంటున్నారు. నేను తాగానా అని అడిగింది మీరే." అప్పుడు ఏడ్చింది, బాగా. తరవాత రెండు చెంబులు తాగింది. ఉత్తరంలో డబ్బాలు అడగలేదని, తనను చూడ్డానికి రమ్మనలేక అట్లా రాసిందని అప్పుడు తెలిసింది. డబ్బా కవికి ఆ మాత్రం అంతరార్థం అందలేదు.

సాయంత్రం పలక సగం, బలపం తలుపు దగ్గర పెట్టి, నేనూ గోడకే విన్నవించుకున్నాను. "లెక్క అత్తయ్యగారే రాయాలి."

"అక్షరం ముక్క రాని దానికి పలకేంది?"

"గీతకూ సున్నకూ అక్షరాలెందుకు?"

తలుపు చాటునుంచి ఒక చెయ్యి వచ్చి పలక తీసుకుంది. మామగారు కొట్లోంచి, "యాభై అయిదేండ్లకు అక్షరాభ్యాసం!" అన్నాడు. బలపం ముక్క విసురుగా కొట్లోకి వెళ్ళింది. ఇంకోటిచ్చాను.

మొదటి రోజు ఎనిమిది సున్నాలు, ఏడు గీతలు. పిల్ల రొమ్ము దగ్గరికి తెస్తే విల్లులా వంగి, వాడంతా వినబడేట్టు ఏడ్చింది. రెండో రోజూ అంతే. మధ్యాహ్నానికి రాజ్యం, "ఇక నావల్ల కాదు, సీసా ఇవ్వండి" అంది. సీసా నేను దాచాను. ఇవ్వనా, మాననా? పంచలో నిలబడి చేతిలో సీసా పట్టుకుని నేనే ఏడుపు మొహం పెట్టాను. ఆ నిమిషం నా కవిత్వం నేనే నమ్మబోయాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మా అత్తగారు మొదటిసారి నా ఎదటికి వచ్చి, నా మొహంలోకి చూసి, "ఇయ్యొద్దు" అంది. "ఈ పొద్దు అప్పుడే గీతలు నాలుగొచ్చినాయి. పిల్ల బాగుంది. ఆకలెక్కువై పట్టడంలే, నిద్రమత్తులో పట్టించి చూస్తాం. నువ్వు పోయి నీళ్ళు కాగబెట్టు."

ఆవిడ నన్ను "నువ్వు" అన్నందుకు గర్వపడుతూ పొయ్యి ఊదాను. ఊదింది నన్నే అనిపించేంత పొగ.

మూడో రోజు పొద్దున. రాజ్యం రొమ్మున పిల్లను వట్టి ఒంటితో పడుకోబెట్టుకుని, ఇద్దరూ సగం నిద్రలో ఉన్నారట. లోపల్నుంచి అత్తగారి కేక: "పట్టింది! పిల్ల పట్టింది! తాగుతాంది!" ఎదురింటివాళ్ళు దొంగను పట్టుకున్నారనుకుని కర్రలతో వచ్చారు. పలక చూశాను. తడిగుడ్డ లేకుండానే ఒక గీత ఉంది. "ఇదేమిటి?" అన్నాను. "అది నాది, కొంగు తడిసింది" అంది అత్తగారు.

నా సెలవు అయ్యేనాటికి సున్నాలు రెండు. నేను వచ్చేసిన పన్నెండు రోజులకు అత్తగారు మామగారి చేత ఉత్తరం రాయించింది. అందులో ఒకటే వాక్యం: "సున్నాలు సున్నా."

గూట్లోని డబ్బాలో ఇప్పుడు ఆవాలున్నాయట. బొట్టు మాత్రం చెరపలేదట.

గుంటూరు: నా పగ

నేను తెచ్చిన రెండు డబ్బాలూ మూత తీయకుండా తిరిగొచ్చాయి, కాగితాలు లేకుండా. అల్మరాలో పెట్టాను. చివరికి ఒకటి రాజ్యం వచ్చాక పాయసానికి ఖర్చయింది.

ఏడాదికి రత్నయ్యగారు అచ్చాఫీసుకు వచ్చారు. కొత్త కవిత్వం కావాలేమోనని బలపంలా బిగుసుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "మా అమ్మాయి పురిటికొచ్చిందయ్యా. నెల పిల్లాడు. పాలు చాలటం లేదని మా ఆవిడ గోల. ఇంటినిండా డబ్బాలే. తీసి పెడదామంటే, మనవడు కదా... చెయ్యి ఆడటం లేదు. మీ పిల్లకి ఏదో చేశారటగా?" అన్నారు.

ఆ సాయంత్రం రాజ్యం రత్నయ్యగారి ఇంటికి వెళ్ళి, ఆ అమ్మాయి దగ్గర చాలాసేపు కూర్చుంది. మొదట ఏమడిగిందో నాకు తెలుసు. నేను బయట అరుగు మీద రత్నయ్యగారికి ఒక బహుమతి ఇచ్చాను. ఆయన అమ్మిన డబ్బాయే, పాయసానికి ఖాళీ అయినది. మూత తీస్తే లోపల కంభంలో విరిగిన పలకలో రెండో సగం, ఒక బలపం.

"ఇది ఆడవాళ్ళకివ్వనా?" అన్నారు.

"వద్దు. పాలు చాలవన్న అనుమానం మీకూ ఉందిగా. తడిగుడ్డకొక గీత. మీరే గీయాలి."

పది రోజుల తరవాత ఆయన ఇంటి ముందున్న గోడౌను మీదుగా వెళ్ళాను. డబ్బాల వరసల మధ్య, పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి, రత్నయ్యగారు చెవి వెనక బలపం పెట్టుకుని కూర్చున్నారు. లోపల్నుంచి, "నాన్నా, ఇంకోటి!" అని కూతురి కేక. ఆయన గీత గీసి, తల ఎత్తి నన్ను చూసి, దీనంగా అన్నారు:

"చాలటం లేదయ్యా, పలక!"